30కి 30 వచ్చాయి, వంటసోడా మాత్రం తెలీదు

సంపాదకులకు నమస్కారం.

మొన్న ఆదివారం సాయంత్రం ఇక్కడ బెంగళూరులో ఒకటే వాన, మా అత్తయ్య మిరపకాయ బజ్జీలకి పిండి కలుపుతూ సోడా కోసం చూస్తే గట్టు మీద ఒకేలాంటి స్టీలు డబ్బాలు రెండు, రెండింట్లోనూ తెల్లటి పొడి. ఒకటి వంటసోడా, ఇంకోటి సింకు రుద్దడానికి తెచ్చిన చాకలిసోడా. తోమేటప్పుడు మూతల మీది చీటీలు ఊడిపోయాయి, ఏది ఏదో తెలీదు. ఈమధ్యే సెకండ్ పీయూ (మన ఇంటర్ రెండో ఏడాది లాంటిది) అయిన మా అమ్మాయి "ఉండు నానమ్మా, నేను చెప్తా" అంటూ వేలు ముంచి నాలుక దగ్గరికి తీసుకెళ్ళింది. చేతి మీద ఒక్కటి వేశాను. చాకలిసోడా నోరు పొక్కించే సరుకు.

ఈ పిల్లకి కెమిస్ట్రీ ప్రాక్టికల్స్‌లో 30కి 30 వచ్చాయండి. ల్యాబ్‌లో అన్ని సాల్టులు పట్టావు కదా, ఇదీ పట్టు అన్నాను. నసిగి నసిగి అసలు సంగతి చెప్పింది, పరీక్షకి ముందే ఏ సాల్టు ఎలా ఉంటుందో గుర్తులు చెప్పేశారట, నీలంగా ఉంటే కాపర్ సల్ఫేట్ అని రాసెయ్యి, తక్కినది రికార్డులో ఉన్నట్టు దింపెయ్యి అని. కాలేజీ పేరెందుకులెండి.

సరే, వంటింట్లోనే మొదలుపెట్టాం. ముందు రెండింటి మీదా నిమ్మరసం పిండాం, రెండూ బుసబుసా పొంగాయి. ఒకటి కార్బొనేటు, ఒకటి బైకార్బొనేటు, పులుపు తగిలితే రెండూ కార్బన్ డయాక్సైడు వదులుతాయి కాబట్టి దాంతో తేలలేదు. తర్వాత పసుపు నీళ్ళు. పసుపులో సున్నం కలిస్తే పారాణి ఎర్రబడుతుందని మా అత్తయ్యకి ఏ పుస్తకమూ చెప్పక్కర్లేదు. చాకలిసోడా కూడా క్షారమే, వంటసోడా కంటే చాలా ఘాటైనది. ఒక గ్లాసు ముదురు ఎరుపైంది, రెండోది కూడా కాస్త నారింజ రంగుకి తిరిగేసరికి మళ్ళీ అనుమానం.

అప్పుడు మిద్దె మీద గులాబీలకి వేసే ఎప్సమ్ సాల్ట్ గుర్తొచ్చింది. అది మెగ్నీషియం సల్ఫేటే. దాన్ని నీళ్ళలో కరిగించి, రెండు సోడాల నీళ్ళూ విడిగా తేటగా కలుపుకుని, చెంచాతో పోశాం. ఎడమ గ్లాసులో పోసీ పోయగానే పాలు విరిగినట్టు తెల్లగా విరిగి మెల్లగా అడుక్కి దిగింది. కుడి గ్లాసు తేటగానే ఉంది, గిన్నెలో పోసి మరిగిస్తేగానీ తెల్లబడలేదు. ఎడమది చాకలిసోడా, కుడిది వంటసోడా. మా అమ్మాయి గబగబా లోపలికి వెళ్ళి రికార్డు తెచ్చింది. కార్బొనేటు పరీక్ష, మెగ్నీషియం సల్ఫేటు కలిపితే 'తెల్లటి అవక్షేపం' అని అందులో దాని చేతిరాతతోనే ఉంది, కింద లెక్చరర్ సంతకం కూడా! అవక్షేపం ఎలా ఉంటుందో మాత్రం ఆ పిల్ల ఆ రోజే చూసింది.

నేను గుంటూరులో బీఎస్సీ చదివిన రోజుల్లో పరీక్షనాళిక గోడ వెంట సల్ఫ్యూరిక్ ఆమ్లం జారవిడిచి సాల్టులో నైట్రేటు ఉందని చెప్పే గోధుమరంగు వలయం కోసం ఊపిరి బిగబట్టి చూసేవాళ్ళం. అంత యాసిడ్ ఇప్పటి పిల్లల చేతికి ఇవ్వమని నేననను. కానీ పరీక్షలో పేరు చెప్పకుండా ఒక వంటింటి పొడి ఇచ్చి, ఇదేమిటో కనుక్కో అంటే ఏం పోయింది?

మీకో విన్నపం. మీ పిల్లల పేజీలో వారానికి ఇలాంటి పరీక్ష ఒకటి వేయండి, అయితే అది ఎక్కడ పనిచేయదో కూడా రాయండి. గంజిపొడి మీద టింక్చర్ అయోడిన్ చుక్క పడితే నల్లని నీలం అవుతుంది, నిజమే. దాన్నే పసుపు మీద వేసి, నీలమైంది కాబట్టి కల్తీ అని వాట్సాప్‌లో టెన్షన్ పెట్టేవాళ్ళున్నారు. పసుపుకొమ్ములోనే పిండిపదార్థం ఉంటుంది, నీలం కాకపోతేనే ఆశ్చర్యపోవాలి. కల్తీ పట్టే ఇంటి పరీక్షలతో ఎఫ్ఎస్ఎస్ఏఐ (కేంద్ర ఆహార భద్రతా సంస్థ) వాళ్ళు వేసిన డార్ట్ అనే పుస్తకంలో కూడా పసుపుకి ఈ పరీక్ష వర్తించదనే ఉంది. ఇంకో మాట, మాకు ఆ రెండు డబ్బాల్లో ఉన్నవి ఏవేవో ముందే తెలుసు, తేల్చాల్సింది ఏది ఏదన్నదే. అసలేమిటో తెలియని పొడి ఇంట్లో కనిపిస్తే నిమ్మరసం పిండుతూ కూర్చోకండి, పారేయండి.

అన్నట్టు ఆ రోజు బజ్జీలు రాత్రి 9 గంటలకి అయ్యాయి. ఎప్సమ్ సాల్ట్ పోసిన గ్లాసులు రెండింటినీ అత్తయ్య మళ్ళీ వంటింట్లోకి రానివ్వలేదు, ఇప్పుడవి మిద్దె మీద మొక్కల దగ్గరున్నాయి.

ఇట్లు,
ఒక పాఠకురాలు, మారతహళ్ళి, బెంగళూరు