జలాంతర్గామిలో కారు హారన్

సంపాదకులకు,

గత ఆదివారం అనుబంధంలో వేసిన అనువాద యుద్ధకథలో, నీటిలో మునగబోయే జలాంతర్గామి ‘కారు హారన్ కొట్టింది’ అని చదివి కాఫీ పొలమారేంత నవ్వాను. మూలంలో ‘క్లాక్సన్’ అని ఉండి ఉంటుంది. ఇంగ్లిషులో ఇప్పుడు ఆ మాటకు ప్రమాదాన్ని హెచ్చరించే మోత అనే అర్థమే ఎక్కువ. ఫ్రెంచి, ఇటాలియన్, పోలిష్, రొమేనియన్ భాషల్లో మాత్రం అది బండి హారనే. ఫ్రెంచివాళ్లయితే ‘క్లాక్సొనే’ అని క్రియాపదం కూడా చేసుకున్నారు. జర్మన్లు తమ ‘హూపె’ను వదల్లేదు.

ఈ మాట నా చెవిన పడింది ఇటలీలోని తొరీనోలో. మా అమ్మాయి దగ్గరికి వెళ్లినప్పుడు అల్లుడి కారు హారన్ మూగబోయింది. ముప్పై రెండేళ్లు లారీల వైరింగు చేసిన చెయ్యి ఊరుకుంటుందా? బానెట్ ఎత్తి చూస్తే ఫ్యూజు బాగానే ఉంది, హారన్ దగ్గర వైరు కొసకు చిలుము పట్టింది. గీకి బిగించగానే కూసింది. పక్కింటి పెద్దాయన కిటికీలోంచి ‘క్లాక్సన్! క్లాక్సన్!’ అంటూ చప్పట్లు కొట్టాడు.

గ్రీకులా వినిపించినా అది పాత మాటేమీ కాదు. అమెరికాలో న్యూవార్క్‌లోని లొవెల్-మెకానెల్ కంపెనీ 1908లో తన సరుకుకు పెట్టుకున్న పేరు. ‘కీచుమని అరవడం’ అనే గ్రీకు క్రియలోంచి అల్లారు. మనకు వనస్పతి డాల్డా అయినట్టే, యూరప్‌లో చాలాచోట్ల హారన్ క్లాక్సన్ అయింది. ఆ హారన్‌ను కనిపెట్టిన మిల్లర్ రీస్ హచిసన్ అంతకుముందే చెవిటివారికి విద్యుత్ వినికిడి యంత్రం చేసినవాడు. బేరం రెండువైపులా చూసుకున్నాడన్నమాట!

ఇప్పటి హారన్‌లో కాయిల్ (కరెంటు పారే తీగచుట్ట) రేకును లాగుతుంది, కరెంటు అందించే పాయింట్లు విడిపోగానే వదిలేస్తుంది, సెకనుకు వందలసార్లు. పాత క్లాక్సన్‌లో మోటారు తిప్పే పళ్లచక్రం ఉక్కురేకు నడుమనున్న రివెట్‌ను టకటకా కొడుతుంది. మోటారు వేగం అందుకునేకొద్దీ మోత పైకి లేస్తుంది: ‘అ...ఊ...గా’. బూర ఊదుతాం గానీ హారన్ ‘కొడతాం’ అంటారేమిటని మా తెలుగు మాస్టారు వెక్కిరించేవారు. ఒక క్లాక్సన్ విప్పి చూపిస్తే ఒప్పుకొనేవారేమో.

అమెరికా జలాంతర్గాములు మునిగే ముందు మోగించినదీ ఈ యంత్రాన్నే. కాబట్టి మీ అనువాదకుడిది పూర్తిగా తప్పనలేను. ‘కారు’ ఒక్కటి కొట్టేస్తే చాలు.

— ఒక విశ్రాంత ఆటో ఎలక్ట్రీషియన్,
రాజమహేంద్రవరం