పర్మిట్ వచ్చేదాకా ఆ మనిషి ఎవరి లెక్కలో ఉన్నాడు?

కేంద్ర విదేశాంగ శాఖ మంత్రి శ్రీ ఎస్. జైశంకర్ గారికి బహిరంగ లేఖ

గౌరవనీయులైన మంత్రి గారికి నమస్కారాలు.

నేను జగిత్యాల జిల్లాలోని ఒక మండల కేంద్రంలో ఇంటర్నెట్ సెంటర్ నడుపుతున్నాను. పాస్‌పోర్టు దరఖాస్తులు, విమాన టికెట్లు, వీసా కాగితాల ప్రింట్లు నా రోజువారీ పని. గల్ఫ్‌లో మనవాళ్లు పడే కష్టాల గురించి మీకు ఉత్తరాలు వస్తూనే ఉంటాయి. జీతాల ఎగవేత, జైళ్లు, నెలల తరబడి స్వదేశానికి చేరని మృతదేహాలు, అవన్నీ నిజాలే. నేను మాత్రం ఇంకా విమానం ఎక్కనివారి గురించి రాస్తున్నాను. డబ్బు కట్టి, పాస్‌పోర్టు చేతికిచ్చి, వర్క్ పర్మిట్ కోసం ఇంటి దగ్గర ఎదురుచూస్తున్నవారి గురించి. అక్కడ జరిగే చాలా అన్యాయాలకు బీజం ఇక్కడి ఈ ఎదురుచూపులోనే పడుతోందని, దాన్ని ఆపే అధికారం మీ చేతిలో ఉందని నా నమ్మకం.

మా వైపు పద్ధతి ఇలా ఉంటుంది. ఊళ్లో తెలిసినవాడే ఒకడు వచ్చి, దుబాయిలో క్లీనింగ్ కంపెనీకి మనుషులు కావాలంటాడు. అతను సబ్ ఏజెంటు. అతని పైన హైదరాబాద్‌లోనో ముంబయిలోనో మరొకరుంటారు. మీ చట్టంలో సబ్ ఏజెంటుకు చోటు లేదు. మా ఊళ్లలో సబ్ ఏజెంటు తప్ప ఇంకెవరూ కనబడరు. ఇంటర్వ్యూ, మెడికల్ అయ్యాక పాస్‌పోర్టు తీసుకుంటారు, సగం డబ్బు తీసుకుంటారు, రసీదు ఇవ్వరు. పర్మిట్ రాగానే ఫోను చేస్తాం, బ్యాగు సర్దుకొని ఉండమంటారు.

ఆ రోజు నుంచి ఆ మనిషి బతుకు ఆగిపోతుంది. ఏ వారం పిలుపు వస్తుందో తెలియదు కాబట్టి వానాకాలం పంటకు కౌలు మాట్లాడుకోడు. మహారాష్ట్రలోని భివండి మగ్గాల మీద పని చేస్తున్నవాడైతే అది మానుకొని వచ్చేసి ఉంటాడు. ఇక్కడ దుకాణాల్లో అడిగితే, దుబాయికి పోయేవాడివి నీకు పనెందుకు ఇవ్వాలంటారు. వచ్చే వారం అంటూ ఏజెంటు నెలలు గడిపేస్తాడు. మెడికల్ గడువు దాటిపోతే మళ్లీ డబ్బు కట్టి రక్తపరీక్షలు, ఎక్స్‌రే చేయించుకోవాలి. యాసంగి కూడా వచ్చేస్తుంది. పాస్‌పోర్టు ఏజెంటు బీరువాలో ఉంటుంది కాబట్టి ఇంకో కంపెనీకి దరఖాస్తు చేసుకోవడానికీ వీల్లేదు. తిరిగి ఇవ్వమంటే, మీ కోసం ఖర్చు పెట్టాం, ఆ డబ్బు కట్టి తీసుకెళ్లమంటారు. పాస్‌పోర్టు ఎల్లవేళలా కేంద్ర ప్రభుత్వ ఆస్తి అని 1967 నాటి పాస్‌పోర్టుల చట్టం చెబుతోంది. అంటే అయ్యా, అక్కడ తాకట్టులో ఉన్నది మీ ఆస్తి.

నా సెంటర్‌లో తరచూ చూసేది ఒకటి చెబుతాను. ఒక యువకుడు ఫోను చాపి, ‘అన్నా, ఇది అసలుదేనా చూడు’ అంటాడు. వాట్సాప్‌లో వచ్చిన వీసా కాపీ. ఎవరో ప్రింటు తీసి, ఆ ప్రింటును ఫొటో తీసి, నాలుగు ఫోన్లు మారాక ఇతని దగ్గరికి చేరి ఉంటుంది. నేను పెద్దది చేసి చూస్తాను. పేరున్న వరుసలో అక్షరాల మందం మిగతా వరుసలకంటే వేరుగా కనిపించిందంటే అది ఇంకొకరి వీసా మీద ఇతని పేరు అతికించినదే. అయినా ఫైలు నంబరు, పాస్‌పోర్టు నంబరు, పుట్టిన తేదీ ఆ దేశపు ప్రభుత్వ వెబ్‌సైటులో కొడతాను. పేజీ తెరుచుకునేంతసేపూ అతను కంప్యూటర్ వైపు చూడడు, నా ముఖాన్నే చూస్తుంటాడు. వివరాలు లేవని వస్తే ఇంకోసారి కొట్టమంటాడు. కొడతాను.

అన్నీ నకిలీవి కావు. నిజమైన పర్మిట్లలోనూ మోసం ఉంది. యునైటెడ్ అరబ్ ఎమిరేట్స్ ఇచ్చే ఉద్యోగ ప్రవేశ అనుమతికి 60 రోజుల గడువు. కొందరు ఏజెంట్లు ఆ కాగితాన్ని నెలా నెలన్నర తమ దగ్గరే అట్టిపెట్టుకొని, గడువు ముగిసే వారంలో పంపుతారు. మిగతా డబ్బు మూడు రోజుల్లో తెస్తేనే టికెట్ అంటారు. అప్పుడిక బేరమాడే వ్యవధి ఉండదు, ఎంత వడ్డీకైనా తేవాల్సిందే. పర్మిట్ జారీ అయిన రోజే ఆ సంగతి కార్మికుడి ఫోనుకు నేరుగా తెలిసి ఉంటే ఈ దోపిడీ సాగేదా?

డబ్బు విషయానికొస్తే, రిజిస్టర్డ్ ఏజెంటు కార్మికుడి నుంచి తీసుకోదగిన సేవా రుసుము 30,000 రూపాయలు, దానిపై జీఎస్టీ, అంతే. ఇది మీ నిబంధనే. ఎమిరేట్స్ 2021లో తెచ్చిన కార్మిక చట్టమైతే నియామకపు ఖర్చులు కార్మికుడి నుంచి అసలే వసూలు చేయకూడదంటోంది. మా ఊళ్లలో లక్షకు తక్కువ అడిగే ఏజెంటు అరుదు. లక్షన్నర అప్పు తెస్తే, నూటికి మూడు రూపాయల లెక్కన నెలకు 4,500 రూపాయల వడ్డీ. పర్మిట్ ఆలస్యమైన ప్రతి నెలా ఆ ఇంటి మీద అంత భారం పడుతుంది. ఆలస్యానికి కారణమైనవాడికి మాత్రం ఒక్క రూపాయి నష్టం లేదు. ఈ లేఖలో మీరు ఒక్కటే గుర్తుంచుకుంటారనుకుంటే, ఇది గుర్తుంచుకోండి.

అప్పు పెరిగి, ఊళ్లో ‘ఇంకా పోలేదా’ అనే ప్రశ్నకు జవాబు చెప్పలేక మనిషి విసిగిపోయిన సమయం చూసి ఏజెంటు రెండో మాట చెబుతాడు. పర్మిట్ లేటవుతోంది, విజిట్ వీసా మీద వెళ్లిపో, అక్కడికి చేరాక వర్క్ వీసాకు మారుస్తాం అని. ఆ స్థితిలో వద్దనగలిగేవారు చాలా తక్కువ. అంతకు ముందు నా దగ్గరే కూర్చొని, విజిట్ వీసా మీద వెళ్లనే వెళ్లనని గట్టిగా చెప్పినవారు కూడా ఒప్పుకొన్నారు. వారిని తప్పుపట్టడానికి నాకు నోరు రాదు.

విజిట్ వీసా మీద వెళ్లేవాడు మీ శాఖ దృష్టిలో పర్యాటకుడు. ఎమిగ్రేషన్ క్లియరెన్స్, అంటే విదేశంలో పనికి వెళ్లేందుకు మీ శాఖ ఇచ్చే అనుమతి, ఉండదు, మీ రికార్డులో ఉద్యోగ ఒప్పందం ఉండదు. 275 రూపాయల ప్రీమియంతో రెండేళ్లపాటు 10 లక్షల రూపాయల ప్రమాద బీమా ఇచ్చే ప్రవాసీ భారతీయ బీమా యోజన అతనికి అందదు. అక్కడ వీసా మారకపోతే గడువు తీరి ‘ఖల్లివల్లి’ అవుతాడు, అంటే సరైన కాగితాలు లేనివాడవుతాడు, పోలీసుల కంట పడకుండా దొరికిన పని దొరికిన కూలికి చేస్తాడు. ఆ దేశం క్షమాభిక్ష ప్రకటించేదాకా ఇంటిముఖం చూడలేడు. ఎమిరేట్స్ 2024 సెప్టెంబరు నుంచి డిసెంబరు దాకా అలాంటి అవకాశం ఇచ్చినప్పుడు మా ప్రాంతానికి ఎందరో తిరిగొచ్చారు. వారు వెళ్లిన దారి గురించి ఒక్కసారి విచారణ జరిపించండి. ఇక్కడి ఎదురుచూపు వారిని ఆ దారిలోకి ఎలా నెట్టిందో మీకే తెలుస్తుంది.

ఆడవాళ్ల పరిస్థితి మరీ దయనీయం. కడప జిల్లా నుంచి, గోదావరి జిల్లాల నుంచి కువైట్ ఇళ్లలో పనికి వెళ్లే మహిళలకు 30 ఏళ్లు నిండాలి, ప్రభుత్వ సంస్థల ద్వారానే వెళ్లాలి అన్న నిబంధనలు పెట్టారు. వారి రక్షణ కోసమే పెట్టారని ఒప్పుకుంటాను. కానీ ఆ సంస్థల ద్వారా వెళ్లే దారి ఎంత నెమ్మదిగా ఉందంటే, ఏజెంట్లు వారిని విజిట్ వీసా మీద దుబాయికో మస్కట్‌కో దాటించి, అక్కడి నుంచి చేర్చాల్సినచోటికి చేరుస్తున్నారు. సక్రమమైన దారిని వేగవంతం చేయకుండా నిషేధం మాత్రమే పెడితే జరిగేది ఇదే.

మరి చట్టం ఏమంటోంది? ఇప్పటికీ మనకున్నది 1983 నాటి ఎమిగ్రేషన్ చట్టం. అనుమతి లేకుండా మనుషులను విదేశాలకు పంపేవాడికి అందులో ఉన్న గరిష్ఠ శిక్ష రెండేళ్ల జైలు, 2,000 రూపాయల జరిమానా. ఒక్క పాస్‌పోర్టు తిరిగి ఇవ్వడానికి ఏజెంటు అడిగే సొమ్ము ఇంతకంటే ఎన్నో రెట్లు ఎక్కువ. కొత్త చట్టం కోసం 2019లో ఒక ముసాయిదా, 2021లో మరొకటి, 2025లో ఇంకొకటి ప్రజాభిప్రాయానికి పెట్టారు. 2019 నుంచి ఈ శాఖ మీదే. ప్రవాసుల కోసం ప్రత్యేకంగా ఉన్న మంత్రిత్వ శాఖను 2016లో విదేశాంగ శాఖలో కలిపినప్పుడు మీరే విదేశాంగ కార్యదర్శి. ఈ వ్యవస్థ లోపలి సంగతులు మీకంటే బాగా తెలిసిన మంత్రి ఇంతకు ముందు లేరు. అందుకే మీకే రాస్తున్నాను.

ఇంకో చిక్కు కూడా ఉంది. క్లియరెన్స్ నిబంధన ఈసీఆర్ పాస్‌పోర్టు ఉన్నవారికే, అంటే పదో తరగతి పాస్ కానివారికే, అదీ 18 దేశాలకే. ఇప్పుడు మా దగ్గర వెళ్తున్న కుర్రాళ్లలో చాలామంది పది పాసైనవారు, ఇంటర్, ఐటీఐ చదివినవారు. చేసేది అదే పని, ఉండేది అదే క్యాంపు, కానీ వారు మీ లెక్కలోకి రారు. వారు కూడా 2019 జనవరి 1 నుంచి విదేశీ ఉద్యోగాలకు వెళ్లేవారి కోసం మీ శాఖ నడిపే పోర్టల్ ఈ-మైగ్రేట్‌లో నమోదు కావాలని మీ శాఖ 2018 నవంబరులో ప్రకటించి, అమలుకు ముందే పక్కన పెట్టింది. చివరి నిమిషంలో విమానాశ్రయంలో ఆపేస్తారన్న భయంతో వచ్చిన వ్యతిరేకతను నేను అర్థం చేసుకోగలను. నమోదు అనేది విమానం ఎక్కే ముందురోజు కాక, డబ్బు చేతులు మారే రోజే జరిగి ఉంటే ఆ భయం ఉండేది కాదు.

నా విన్నపం అదే. పాస్‌పోర్టో డబ్బో ఏజెంటు చేతిలో పెట్టే రోజునే కార్మికుడు స్వయంగా మీసేవ కేంద్రంలో తన పేరు, ఏజెంటు రిజిస్ట్రేషన్ నంబరు, కంపెనీ, ఇచ్చిన మొత్తం నమోదు చేసుకునే వీలు ఈ-మైగ్రేట్‌లో కల్పించండి. ఇప్పుడు అక్కడ దరఖాస్తు మొదలుపెట్టేది ఏజెంటో కంపెనీయో. అది కూడా అంతా అయిపోయాక. కార్మికుడే మొదలుపెట్టగలిగితే రిజిస్ట్రేషన్ లేనివాడు మొదటిరోజే బయటపడతాడు. నమోదైన రోజు నుంచి 90 రోజుల్లో పర్మిట్ రాకపోతే డబ్బు వడ్డీతో సహా వెనక్కి ఇప్పించండి. రిజిస్టర్డ్ ఏజెంట్లు మీ శాఖకు లక్షల రూపాయల బ్యాంకు గ్యారంటీ ఇచ్చి ఉన్నారు కదా, అది ఇలాంటి అవసరానికి పనికిరాకపోతే ఇంకెందుకు? పర్మిట్ జారీ కాగానే కార్మికుడికి తెలుగులో సందేశం వెళ్లేలా ఆ దేశాలతో మాట్లాడండి.

హైదరాబాద్‌లోని ప్రొటెక్టర్ కార్యాలయ (వలస కార్మికుల రక్షణ చూసే మీ శాఖ కార్యాలయం) అధికారులు నెలకు ఒక్కరోజైనా జగిత్యాలలోనో నిజామాబాద్‌లోనో కూర్చునే ఏర్పాటు చేయండి. దాదాపు రెండు వందల కిలోమీటర్లు ప్రయాణించి, ఒకరోజు కూలి పోగొట్టుకొని, ఫిర్యాదు ఏ భాషలో రాయాలో తెలియక తిరిగొచ్చేవాడికి ఫిర్యాదు హక్కు ఉన్నా లేనట్టే. నకిలీ ఏజెంట్ల జాబితా మీ పోర్టల్‌లో ఉందని నాకు తెలుసు, అడిగినవారికి చూపిస్తున్నాను. ఆ జాబితా గ్రామ పంచాయతీ గోడ మీద తెలుగులో ఉండాలి.

వీటిలో కొన్నింటికి చట్టం మారాలి, ఆ ముసాయిదా మీ బల్ల మీదే ఉంది. ఒకదానికి చట్టం మారనక్కరలేదు. 2020 సెప్టెంబరులో గల్ఫ్ కార్మికుల కనీస వేతనాల సిఫారసును ఒక ఉత్తర్వుతో తగ్గించారు. నిరసనలు వచ్చి, విషయం తెలంగాణ హైకోర్టు దాకా వెళ్లాక 2021లో ఉపసంహరించారు. ఉత్తర్వుకు ఎంత శక్తి ఉంటుందో మేం అప్పుడు చూశాం. అలాంటిదే ఇప్పుడు మా కోసం ఒకటి ఇవ్వండి. వీసా స్టాంపింగ్‌కు అవసరమైన రోజులకు మించి ఏ ఏజెంటూ కార్మికుడి పాస్‌పోర్టు తన దగ్గర ఉంచుకోరాదని, ఉంచుకుంటే రిజిస్ట్రేషన్ రద్దవుతుందని ఆదేశించండి. ఆ ఉత్తర్వు కాపీ ఒకటి నాకు పంపిస్తే, ప్రింట్లు తీసి మా మండలంలోని ప్రతి ఊరికీ నేనే చేరుస్తాను.

ఇట్లు,
ఒక ఇంటర్నెట్ సెంటర్ నిర్వాహకుడు,
జగిత్యాల జిల్లా, తెలంగాణ