గేమ్‌లో కొన్న హీరోను మార్చివేసి, అడిగితే జవాబు చెప్పని సంస్థకు ఫిర్యాదు

గుంటూరు

ఫిర్యాదుల పరిష్కార అధికారి గారికి,

విషయం: మీ మొబైల్ గేమ్‌లో నేను డబ్బు చెల్లించి కొన్న హీరో (ఆటలో మేము ఆడించే పాత్ర) శక్తులను అప్‌డేట్‌లో తగ్గించడం, దానిపై పంపిన ఫిర్యాదులను పట్టించుకోకుండా మూసివేయడం గురించి.

అయ్యా / అమ్మా,

ఈ ఉత్తరాన్ని ఎవరైనా చదువుతారన్న నమ్మకం నాకు పెద్దగా లేదు. మీ వెబ్‌సైట్‌లో ఫిర్యాదుల అధికారిదిగా చూపిన ఈమెయిల్‌కు రాసినప్పుడు, "ఈ చిరునామాకు వచ్చే మెయిళ్ళను ఎవరూ చూడరు, యాప్‌లోని సహాయ విభాగాన్ని సంప్రదించండి" అని క్షణంలో జవాబు వచ్చింది. మీ సంస్థ నుంచి ఇంతవరకు నాకు అందిన జవాబులలో నిజాయితీగా ఉన్నది అదొక్కటే. అందుకే ఈసారి మీ రిజిస్టర్డ్ కార్యాలయానికి స్పీడ్ పోస్టులో రాస్తున్నాను.

సంక్రాంతి ఆఫర్‌లో మీరు అమ్మిన హీరోను, దాని స్కిన్‌తోనూ (అంటే వేషంతోనూ) తెలుగు మాటల ప్యాక్‌తోనూ కలిపి నేను కొన్నాను. అమ్మకాలు ముగిసిన కొద్ది వారాలకే వచ్చిన అప్‌డేట్‌లో దానిని, ఆటగాళ్ళ మాటలో చెప్పాలంటే, నెర్ఫ్ చేశారు, అంటే శక్తి తగ్గించారు. ఏ శక్తి ఎంత తగ్గిందన్న లెక్కలు మీ అప్‌డేట్ నోట్సులోనే ఉన్నాయి కనుక వాటిని ఇక్కడ తిరగరాయను. నిజం చెప్పాలంటే, అంతటితో ఆగి ఉంటే నేను రెండు రోజులు విసుక్కుని మరో హీరోతో ఆడుకునేవాడిని. ఈ ఉత్తరం రాయించినది ఆ అప్‌డేట్ కాదు, ఆ తరువాత మీ సహాయ విభాగం నాతో ప్రవర్తించిన తీరు.

మొదట చాట్‌బాట్ పలకరించింది. అది చూపిన సమస్యల జాబితాలో "మీరే మార్చారు" అన్న సమస్య లేదు. మనిషితో మాట్లాడాలని ఎన్ని విధాలుగా టైపు చేసినా అదే జాబితా మళ్ళీ తెరుచుకుంది. చివరికి "డైమండ్లు (ఆటలో చెల్లే డబ్బు) కొనాలనుకుంటున్నాను" అన్న మీట నొక్కగానే ఒక ఏజెంటు ప్రత్యక్షమయ్యాడు. డబ్బు ఇస్తానన్నవాడికి మీ దగ్గర మనిషి ఎంత త్వరగా దొరుకుతాడో తెలిసి సంతోషించాను.

ఆ ఏజెంటు నా అసౌకర్యానికి ఎంతో చింతించి, గేమ్‌ను తీసివేసి మళ్ళీ ఇన్‌స్టాల్ చేయమన్నాడు. మీ సర్వర్లలో మీరు మార్చినదానికి నా ఫోన్ ఏం చేయగలదని అడిగితే, ముందు ఆ పని చేస్తేనే టికెట్, అంటే నమోదైన నా ఫిర్యాదు, ముందుకు కదులుతుందన్నాడు. చేశాను. టికెట్ కదిలి రెండో ఏజెంటు దగ్గరకు వెళ్ళింది. డబ్బు యాప్ స్టోర్ తీసుకుంది కాబట్టి స్టోర్‌నే అడగాలని ఆమె చెప్పింది. స్టోర్‌వారు, వస్తువులో వచ్చిన మార్పుకు గేమ్ తయారు చేసినవారే బాధ్యులని చెప్పి నన్ను తిరిగి మీ గుమ్మంలోకే పంపారు. మూడో ఏజెంటుకు నేను మొదటి నుంచి మళ్ళీ చెప్పవలసి వచ్చింది, ఎందుకంటే పాత సంభాషణ తనకు కనిపించదట. అమ్మినప్పుడు హీరో వివరణలో ఏముందో స్క్రీన్‌షాట్ పంపమని అతడు కోరాడు. ఆ వివరణను గేమ్‌లోని దుకాణం నుంచి తొలగించి కొత్తది పెట్టింది మీరు. మీరు రాసుకున్న ప్రకటన మీ దగ్గర లేదు, నేను దాచి ఉంచాలి! అదృష్టవశాత్తు మా గిల్డ్ (కలిసి ఆడే జట్టు) వాట్సాప్ గ్రూపులో ఒకరి దగ్గర ఆ చిత్రం దొరికితే పంపాను. దానికి వచ్చిన జవాబు, డైమండ్లు ఎలా కొనాలో వివరించే పేజీ లింకు.

విసిగిపోయి ఒకసారి ఫిర్యాదును శుభ్రమైన తెలుగులో రాశాను. "మేము సేవలందించే భాషలో రాయండి" అని తిప్పి పంపారు. హీరో చేత తెలుగులో సవాళ్ళు విసిరించి, ఆ మాటలకు విడిగా ధర కట్టి అమ్ముకోగలిగిన సంస్థలో, తెలుగులో రాసిన నాలుగు వాక్యాలు చదవగలిగినవారు ఒక్కరూ లేరంటే నమ్మమంటారా? ఆ మరుసటి ఉదయం టికెట్‌పై "పరిష్కారమైంది" అన్న ముద్ర వేసి, మా సేవకు ఎన్ని నక్షత్రాలు ఇస్తారని అడిగారు. ఒక్కటి ఇచ్చాను. సున్నా ఇచ్చే వీలు లేదు.

వీటన్నిటికంటే నన్ను బాధించినది చివరి సంభాషణ. బ్యాంకు ద్వారా డబ్బు వెనక్కి అడగవచ్చా అని నేను మర్యాదగానే అడిగాను. అలా చేస్తే ఖాతా "సమీక్షకు లోనుకావచ్చు" అని ఏజెంటు హెచ్చరించాడు. ఖాతా మూసేస్తామని దానికి అర్థం. 2022 డిసెంబరులో అమెరికా ఫెడరల్ ట్రేడ్ కమిషన్ ఫోర్ట్‌నైట్ గేమ్ తయారీదారైన ఎపిక్ గేమ్స్‌పై మోపిన ఆరోపణలలో, అనుమతి లేని చార్జీలపై క్రెడిట్ కార్డు సంస్థలను ఆశ్రయించిన ఆటగాళ్ళ ఖాతాలకు తాళం వేయడం కూడా ఉంది. ఆ వ్యవహారంలో ఆటగాళ్ళకు తిరిగి ఇచ్చేందుకు 24.5 కోట్ల డాలర్లు చెల్లించడానికి ఆ సంస్థ ఒప్పుకోవలసి వచ్చింది. మీ ఏజెంట్ల శిక్షణలో ఈ ముక్క కూడా చేర్చితే బాగుంటుంది.

ఆటలో సమతుల్యం కోసం మార్పులు తప్పవని నాకు తెలుసు, మార్చవద్దని నేను అనడమూ లేదు. కానీ పట్టుచీర అమ్మిన షాపువాడు నెల తిరగకుండా ఇంటికి వచ్చి, జరీ ఊడదీసుకుని, "చీర మీ బీరువాలోనే ఉంది కదా" అన్నట్లుంది మీ వరస. హార్త్‌స్టోన్ అనే కార్డుల గేమ్‌లో ఒక కార్డు శక్తి తగ్గించినప్పుడు, బ్లిజార్డ్ సంస్థ కొంతకాలం పాటు ఆ కార్డుకు పూర్తి విలువను ఆటలోని "డస్ట్" రూపంలో తిరిగి ఇస్తుంది. నగదు ఇవ్వకపోయినా, ఆటగాడు మరో కార్డు తయారు చేసుకోగలుగుతాడు. అంటే ఇది సాంకేతికంగా అసాధ్యమేమీ కాదు. మీరు మాత్రం సర్వర్ నిర్వహణ పేరిట అందరికీ పంచిన 50 కాయిన్లనే నాకు పరిహారంగా చూపారు. వాటితో ఆ హీరో తలపాగా కూడా రాదు, పైగా వారంలో వాడకపోతే మురిగిపోతాయి. ఈలోగా, నా హీరో పోగొట్టుకున్న శక్తిని పోలిన శక్తితో కొత్త హీరో దుకాణంలోకి వచ్చింది. సమతుల్యం ఎవరి ఖాతాలో కుదిరిందో ఊహించడం కష్టం కాదు.

మీ సర్వర్లు రోజుకోసారి మొరాయించిన తొలి రోజుల నుంచి నేను ఈ ఆట వదల్లేదు. నెలవారీ పాస్ ఎన్నడూ మానలేదు. మా బాబాయి పిల్లలనూ, ఆఫీసు మిత్రులనూ, వారి మిత్రులనూ చేర్చి గిల్డ్ కట్టాను. ఇన్నాళ్ళూ మీ ప్రచారాన్ని జీతం లేకుండా చేసిన మనిషికి ఒక పూర్తి వాక్యంలో జవాబు చెప్పడం అంత భారమా?

"ఏ వస్తువునైనా, ఎప్పుడైనా, కారణం చెప్పకుండా మార్చవచ్చు" అన్న మీ నిబంధనను ఏజెంట్లు మంత్రంలా వల్లించారు. 2019 వినియోగదారుల రక్షణ చట్టంలో అన్యాయమైన ఒప్పందం అంటే ఏమిటో నిర్వచనం ఉంది, దానిపై రాష్ట్ర వినియోగదారుల కమిషన్‌కు వెళ్ళే దారి కూడా ఉంది. సేవాలోపంపై అయితే నేను నివసించే జిల్లాలోని కమిషన్‌లోనే కేసు వేయవచ్చు, చెల్లించిన సొమ్ము 5 లక్షల రూపాయల లోపు అయితే ఫీజు కూడా లేదు. 2020 ఈ-కామర్స్ నియమాల ప్రకారం ఫిర్యాదు అందినట్లు 48 గంటలలో తెలియజేయాలి, నెలలోగా పరిష్కరించాలి. ఎవరూ చూడని మెయిల్‌బాక్స్‌తో ఈ నియమాన్ని ఎలా పాటిస్తున్నారో కమిషన్ ముందు వివరించే అవకాశం మీకు తప్పకుండా కల్పిస్తాను.

హీరోను అమ్మినప్పటి స్థితికి తెస్తారో, కట్టిన డబ్బు తిరిగి ఇస్తారో, మరో విధంగా న్యాయం చేస్తారో మీరే తేల్చండి. కాయిన్లు మాత్రం వద్దు. ఏది చేసినా, జరిగినదానికి బాధ్యత గల అధికారి సంతకంతో, తెలుగులో, రాతపూర్వకమైన సమాధానం నాకు రావాలి. ఈ ఉత్తరం అందిన నెలలోగా అది రాకపోతే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915లో నమోదు చేయించి, వినియోగదారుల కేసుల పోర్టల్ ఈ-జాగృతి ద్వారా కేసు దాఖలు చేస్తాను. మీ ఏజెంట్ల సంభాషణలన్నీ స్టోర్ రివ్యూలలో ప్రచురిస్తాను. మా గిల్డ్ సభ్యులు ఈ నెల పాస్ కొనడం ఇప్పటికే ఆపివేశారు.

కొనుగోలు ఇన్వాయిస్, యూపీఐ రసీదు, పాత వివరణ చిత్రం, చాట్ ప్రతులు జతచేశాను. వీటిని మళ్ళీ పంపమని దయచేసి అడగవద్దు.

ఇట్లు,
మీ పాత ఆటగాడు