ఫొటోలో పంపిన నంబరు చూపు లేనివారికి అందదు

సంపాదకులకు నమస్కారం.

2024 సెప్టెంబరు 1న బుడమేరు పొంగి మా సింగ్‌నగర్ మునిగినప్పుడు, 84 ఏళ్ల మా అమ్మను పట్టుకుని పై వాటాలోకి ఎక్కాను. అక్కడ అద్దెకుండే మాస్టారికి చూపు లేదు. డెబ్భై దాటాయి. 2020 లాక్‌డౌన్‌లో నెలల తరబడి ఒక్కరే ఉండిపోయినప్పుడు, మనవడు ఫోన్లో చెబుతుంటే టాక్‌బ్యాక్ నేర్చుకున్నారు. తెర మీద వేలు పెడితే అక్కడేముందో ఫోన్ చదివి వినిపిస్తుంది, రెండుసార్లు తడితే తెరుచుకుంటుంది. వాట్సాప్‌లో మెసేజ్‌లు నాకంటే చకచకా చూసుకుంటారాయన.

ఆ రోజు కరెంటు లేదు. మాస్టారి ఫోన్లో ఛార్జింగ్ 11 శాతం ఉంది. సహాయ నంబర్లు వచ్చాయి, రంగురంగుల పోస్టరుగా. ఆయన వేలు పెట్టారు. "ఫొటో" అంది ఫోన్. మళ్లీ పెట్టారు. మళ్లీ "ఫొటో". "ఏముందమ్మా ఇందులో?" అంటూ ఫోన్ నా చేతికిచ్చారు. నేను అంకెలు చదివాను, ఆయన డయల్ చేశారు. ఆ పూట నేను పైకి ఎక్కి ఉండకపోతే? తన చేతిలో ఉన్న నంబరే ఆయనకు తెలిసేది కాదు. అవే అంకెలు మామూలుగా టైపు చేసి పంపితే ఫోనే చదివి పెట్టేది. పైసా ఖర్చు లేని పని ఇది.

ఎవరో దయతలచి చేయాల్సిన పని కూడా కాదు. జిల్లా విపత్తు నిర్వహణ సంస్థ వికలాంగుల వివరాలు రాసి ఉంచాలని, ముప్పు ఉంటే వారికి తెలియజేయాలని 2016 నాటి వికలాంగుల హక్కుల చట్టం 8వ సెక్షన్‌లోనే ఉంది. డిజిటల్ సేవలు అందుకోవడం జీవించే హక్కులో భాగమేనని 2025 ఏప్రిల్ 30న సుప్రీంకోర్టు కూడా తీర్పు ఇచ్చింది.

మన దగ్గర దీనికి కొత్త సర్వే ఏమీ అక్కర్లేదు. పింఛను ఇవ్వడానికి వార్డు సచివాలయం సిబ్బంది నెలనెలా గడప తొక్కుతూనే ఉన్నారు. ఎవరు మంచంలో ఉన్నారో, ఎవరికి చూపు లేదో వాళ్లకు తెలియనిది కాదు. ఆ వచ్చినప్పుడే ఇంకొక్క మాట అడిగి రాసుకోవచ్చు: మీకు కబురు ఎలా అందాలి? మాస్టారికైతే టైపు చేసిన మెసేజ్ చాలు. మా అమ్మది కీప్యాడ్ ఫోన్, లింకు పంపితే ఆమె ఏం చేసుకుంటుంది? తెలుగులో మాట్లాడే మనిషి ఫోన్ చేయాలి, అదీ నిదానంగా. వినికిడి లేనివారికి ఆ ఫోన్ కాల్ పనికిరాదు, రాసే పంపాలి.

కిందటి వారం మంచినీళ్లు రావంటూ మాకొక పోస్టరు వచ్చింది. చదివించుకోవడానికి మాస్టారు రెయిలింగ్ పట్టుకుని మెట్లు దిగి మా గుమ్మం దాకా వచ్చారు.

8వ సెక్షన్ చెప్పిన ఆ రికార్డు ఎన్టీఆర్ జిల్లాలో ఉందా? ఉంటే అందులో మాస్టారి పేరు, మా అమ్మ పేరు ఉన్నాయా? అధికారులు మీ పత్రిక ద్వారా జవాబు చెప్పాలని కోరుతున్నాను.

— ఒక పాఠకురాలు, అజిత్‌సింగ్ నగర్, విజయవాడ