నిలబడ్డ బండి ఏం తింటుందంటే

నాన్నగారికి నమస్కారాలు.

మేమంతా బాగున్నాం. మొన్న ఫోన్లో మీరు అడిగినదానికి నేను జవాబు చెప్పేలోపే అమ్మ ఫోను లాక్కుంది. "ఏడాదిలో పదిసార్లు కూడా బయటికి తియ్యని బండికి అంత ఖర్చేమిటే? నిలబడ్డ బండి ఏం తింటుంది?" అన్నారు. ఆ మాట వారంరోజులుగా నా చెవిలోనే తిరుగుతోంది. ఫోన్లో చెబితే సగం వినపడదు, వినపడ్డ సగం మీరు నమ్మరు. అందుకే కాగితం మీద పెడుతున్నాను.

మీ స్కూటరు పుస్తకం గుర్తుందా? అట్ట మీద బండి నంబరు, లోపల తేదీ, కిలోమీటర్లు, ఏం చేయించారు, ఎంతయింది. వ్యాను మీద చిన్న ఇల్లు కట్టిన ఈ మోటర్‌హోముకి నేనూ అలాంటిదే ఒకటి పెట్టాను. 4 ఏళ్ల లెక్క ఉంది అందులో. డబ్బు అంకెలు మాత్రం మీకు రాయను. రాస్తే వెంటనే రూపాయల్లోకి మార్చేసుకుంటారు, ఆ రాత్రి మీకు నిద్ర ఉండదు. గంటల్లో రాస్తాను. ఇక్కడ షెడ్డువాళ్లు పనిచేసిన గంటలకి ఇంతని కట్టించుకుంటారు. చాలా పనుల్లో సామాను ఖరీదు కన్నా చేతిపనే ఎక్కువ. కాబట్టి గంటలు చూస్తే బరువెంతో మీకే తెలుస్తుంది.

ముందు ఒక సంగతి. మీరనుకుంటున్నట్టు ఇది ఒక బండి కాదు, రెండు. కింద వ్యాను, పైన ఇల్లు. కిందది ఫియట్ డుకాటో. 1981 నుంచీ వస్తున్న బండి, సరుకుల వ్యానుగా వీధివీధినా తిరుగుతూ కనిపిస్తుంది, కాబట్టి దాని పార్టులకి కొరత లేదు. ఇంజనాయిలు, ఫిల్టర్లు, బ్రేకులు, అన్నీ మామూలు వ్యానుకి చేసినట్టే. పైనున్న ఇంటికి వేరే సర్వీసు, వేరే మనుషులు. గ్యాసు, నీళ్లు, కరెంటు, ఫ్రిజ్, హీటరు, గోడల్లో చెమ్మ, ఇవన్నీ వాళ్లు చూస్తారు. ఆయిలు మార్చేవాడు గ్యాసు ముట్టుకోడు, గ్యాసు చూసేవాడు ఆయిలు జోలికి పోడు. ఇద్దరి దగ్గరా రెండు రోజులు, రెండు బిల్లులు. పైగా మూడున్నర టన్నుల బరువు, 3 మీటర్లకి కాస్త తక్కువ ఎత్తు. కార్లు బాగుచేసే షెడ్డులో లిఫ్టు దీన్ని ఎత్తలేదు, కొన్నిచోట్ల అసలు గుమ్మంలోంచే దూరదు.

మా పుస్తకం ప్రకారం కింది సర్వీసుకి 2 గంటలు, పై సర్వీసుకి 3 గంటలు. మొత్తం 5. అదే ఏడాది ఖర్చయితే నేనీ ఉత్తరం రాసేదాన్నే కాదు.

మిగిలిందంతా మీరన్న ఆ నిలబడ్డంలోనే ఉంది. పోయినేడు ఈ బండి 365 రోజుల్లో 40 రోజులు తిరిగింది. తిరిగిన 40 రోజుల వల్ల అయిన ఖర్చు పుస్తకంలో అరపేజీ కూడా లేదు.

టైర్లే చూడండి. నాలుగూ మార్పించాం. గీతలు చూస్తే షాపులోంచి ఇప్పుడే తెచ్చినట్టున్నాయి. ఈయన ససేమిరా ఒప్పుకోలేదు, "కొత్త టైర్లు పారేస్తారా ఎవరైనా" అని. మెకానిక్ టైరు పక్కన అచ్చువేసిన నాలుగంకెలు చూపించాడు, 2317 అని. అంటే 2017లో 23వ వారంలో తయారైంది. తరవాత టార్చిలైటు వేసి, టైరు పక్కగోడ మీద వెంట్రుకల్లాంటి పగుళ్లు చూపించాడు. అంత బరువు ఒకేచోట మోస్తూ, ఎండకి ఎండుతూ నిలబడితే రబ్బరు లోపల్నుంచి చస్తుందట. మీరైతే వెంటనే ఒప్పుకునేవారు. స్కూటరు స్టెప్నీ ఒక్కసారీ వాడకుండానే పగిలిపోయిందని మీ పుస్తకంలోనే చదివాను. ఈ బండ్లకని విడిగా సీపీ అని గుర్తుండే టైర్లు వస్తాయి. ఎక్కువ గాలితో, ఎక్కువ బరువుతో నిలబడేందుకు చేసినవి. అవే వేయించాం.

ఇంజను లోపలి భాగాల్ని లయ తప్పకుండా తిప్పే టైమింగ్ బెల్టుదీ అదే కథ. ఇన్ని కిలోమీటర్లకి గానీ, ఇన్నేళ్లకి గానీ, ఏది ముందొస్తే అప్పుడు మార్చాలని ఉంటుంది. మాకెప్పుడూ ఏళ్లే ముందొస్తాయి. తెగితే ఇంజనే పోతుంది, కాబట్టి దాన్లో బేరం లేదు. 5 గంటల పని. బ్రేకు ఆయిలు గాల్లో తేమని పీల్చుకుంటుంది కాబట్టి నడిపినా నడపకపోయినా రెండేళ్లకోసారి మార్చాలి. మొదటి శీతాకాలం హ్యాండ్‌బ్రేకు వేసి 3 నెలలు వదిలేశాం. తీద్దామని చూస్తే వెనక బ్రేకులు తుప్పుతో పట్టేసి బండి కదల్లేదు. ఇప్పుడు గేరులో పెట్టి, చక్రాలకి అడ్డుచెక్కలు వేసి, హ్యాండ్‌బ్రేకు వదిలేస్తున్నాం.

ఇక నీళ్లు. మిమ్మల్ని కూర్చోపెట్టి చెప్పాలనుకున్నది ఇదే.

ఈ ఇంటి గోడలు ఇటుకా సిమెంటూ కాదు కదా. బయట పల్చటి అల్యూమినియం రేకు, లోపల ప్లైవుడ్, మధ్యలో థర్మాకోల్ లాంటిది, అక్కడక్కడ చెక్క పట్టీలు. రేకూ రేకూ కలిసేచోట, కిటికీల చుట్టూ, పైకప్పు మీద గాలి కిటికీల చుట్టూ నీళ్లు దూరకుండా సీలెంటు అనే జిగురు పెడతారు. బండి రోడ్డు మీద వెళ్తున్నంతసేపూ ఆ కీళ్లన్నీ కదులుతూనే ఉంటాయి. ఎండకి సీలెంటు పెళుసెక్కుతుంది. గుండుసూది మొనంత సందు చాలు. నీళ్లు అక్కడ దిగి, లోపల్లోపలే పాకి, రెండడుగుల దూరంలో ఎక్కడో చెక్కని నానబెడతాయి. లోపలి గోడకి అంటించిన కాగితం నిగనిగలాడుతూ ఉంటుంది, వెనకాల చెక్క పుచ్చిపోతూ ఉంటుంది.

దాన్ని పట్టుకోడానికే ఏటా చెమ్మ పరీక్ష. రెండు ముళ్లున్న చిన్న మీటరు గోడకి ఆనిస్తే తేమ ఎంత శాతమో చూపిస్తుంది. 15 లోపు ఉంటే బాగున్నట్టే. 15 నుంచి 20 దాకా ఉంటే కనిపెట్టి చూడాలి. 20 దాటితే నీళ్లు ఎక్కడినుంచో వస్తున్నాయనే. 30 దాటితే లోపల చెక్క సంగతి మర్చిపోవచ్చు.

మేము రెండో ఏడు ఒకచోట పై సర్వీసు చేయించాం. బండితో వచ్చిన సర్వీసు పుస్తకంలో ముద్ర కొట్టి ఇచ్చారు, అంతా బాగుందన్నారు. చెమ్మ అంకెలేవని నేనడగలేదు, వాళ్లివ్వలేదు. మూడో ఏడు ఈయన "పోయినేడే కదా బాగుందన్నారు, ఈ ఒక్కసారికి ఆ 3 గంటలు మిగుల్చుకుందాం" అన్నారు. నేనూ సరేనన్నాను, తప్పంతా మీ అల్లుడి మీదకి తోసెయ్యలేను. నాలుగో ఏడు ఇంకోచోటికి తీసుకెళ్తే, మంచం పైనున్న గాలి కిటికీ పక్కన మీటరు 28 చూపించింది. ఆ మూల 31. లోపలి ప్లైవుడ్ ఊడదీశారు. పట్టీ చెక్కని మెకానిక్ వేలితో నొక్కితే తడి రంపప్పొట్టులా రాలింది. వాసన చెప్పలేను. అంత చెమ్మ ఒక్క ఏడాదిలో పట్టేది కాదు, ముద్ర కొట్టిన నాటికే ఉండి ఉండాలన్నాడు అతను. ఎండబెట్టడానికే 2 వారాలు పట్టింది, దానికి పనిగంటలు లేవు గానీ అద్దెలా కొంత కట్టించుకున్నారు. చెక్కలు మార్చి, మళ్లీ బిగించి, కిటికీ తీసి కొత్త సీలెంటుతో పెట్టడానికి 38 గంటలు.

మూడు గంటలు మిగుల్చుకోబోయి 38. మీ పుస్తకంలో అయితే ఇలాంటి లైను కింద ఎర్రసిరాతో గీత ఉండేది. నేనూ గీశాను.

ఇంకో రెండు గంటలు కూడా ఉన్నాయి, ఈయన వద్దన్నా రాస్తున్నాను. అదివరకొకసారి పైకప్పు మీద చిన్న పగులు కనిపిస్తే బాత్రూములో వాడే సిలికాన్ ట్యూబు తెచ్చి స్వయంగా పూశారు. దాని మీద ఇంకేదీ అతుక్కోదట. కొత్త సీలెంటు పెట్టేముందు దాన్ని గీకడానికే ఆ రెండు గంటలు. ఎప్పటికీ మెత్తగా ఉండే బ్యూటైల్ సీలెంటు వాడాలని ఇప్పుడు మా ఇద్దరికీ కంఠతా వచ్చింది.

ఇప్పుడు చెమ్మ అంకెలు గోడల బొమ్మ మీద రాసిస్తేనే డబ్బులు కడుతున్నాను. ఆ బొమ్మలు వరుసగా పెట్టి చూస్తే ఏ మూల ఎటు పోతోందో తెలుస్తుంది, ఉత్త ముద్ర చూసి ఏం తెలుసుకుంటాం?

గడ్డకట్టే చలి వచ్చేముందు లోపలి నీళ్లన్నీ తీసెయ్యాలి. నీళ్లు గడ్డకడితే 9 శాతం దాకా ఉబ్బుతాయి, కుళాయి, పంపు, గీజరు ఏదైనా పగలొచ్చు. ట్యాంకులు ఖాళీ చేసి, కుళాయిలన్నీ తెరిచి వదిలేస్తే చాలు అనుకున్నాను. చల్లనీళ్లకీ వేణ్ణీళ్లకీ ఒకే హ్యాండిల్ ఉన్న కుళాయిని ఒక వైపుకి తిప్పి వదిలేశాను. రెండో వైపు పైపులో నీళ్లుండిపోయి కుళాయి చీలింది. హ్యాండిల్ సరిగ్గా మధ్యలో ఉండాలి. ఈ పనికి షెడ్డు అక్కర్లేదు, అరగంట ఓపిక చాలు.

బ్యాటరీలు రెండు. ఒకటి ఇంజనుది, ఒకటి ఇంటిది. ఇంటిది పాతరకం లెడ్ బ్యాటరీ. నిండుగా ఉన్నప్పుడు 12.7 వోల్టులు, 12.2కి వచ్చిందంటే సగం అయిపోయినట్టు, అంతకన్నా దింపకూడదు. అన్నీ ఆపేశామనుకున్నా అలారము, రేడియో గడియారము కొంచెం కొంచెం తాగుతూనే ఉంటాయి. ఒక శీతాకాలం అలా ఖాళీ అయ్యి చచ్చిపోయింది. పైకప్పు మీద చిన్న సోలార్ పలక పెట్టించాక ఆ బెడద లేదు. లిథియం వేయించుకోమని స్నేహితులు అంటారు. ఎక్కువ కాలం వస్తుంది, బరువూ తక్కువే. కానీ సున్నా డిగ్రీల కింద దాన్ని చార్జి చెయ్యకూడదు, మా బండేమో చలికాలమంతా బయటే ఉంటుంది. వద్దనుకున్నాం.

ఫ్రిజ్ సంగతి మీకు నచ్చుతుంది. ఇందులో కంప్రెసర్ లేదు, కదిలే ముక్క ఒక్కటీ లేదు. వెనకాల చిన్న గ్యాసు మంట వెలుగుతుంది, ముందు ఐసు కడుతుంది. అమ్మోనియా, నీళ్లు, హైడ్రోజన్ లోపల తిరుగుతూ వేడితోనే చల్లదనం చేస్తాయి. 1922లో స్వీడన్‌లో ఇద్దరు ఇంజనీరింగు విద్యార్థులు, ప్లాటెన్, మంటర్స్, కనిపెట్టారు. కాకపోతే బండి ఒరిగి నిలబడితే అది పనిచెయ్యదు. మంట దగ్గర మసి పట్టినా, సాలెపురుగు గూడు కట్టినా అంతే. ఏటా శుభ్రం చేయించాలి, అది పై సర్వీసులోనే కలిసిపోతుంది. మొదటిసారి ఫ్రిజ్ పాడైందని గాభరాపడితే, తీరా చూస్తే బండి వాలుగా నిలిపాం, అంతే.

గ్యాసు మాత్రం మేం ముట్టుకోం. రెగ్యులేటరుకీ రబ్బరు పైపుకీ తేదీలుంటాయి, పైకి బాగున్నా ఆ తేదీకి మార్చెయ్యాల్సిందే. సబ్బునీళ్లు పూసి బుడగలొస్తున్నాయా అని చూడటం వరకే నా పని. సిలిండర్లో బ్యూటేన్ కాకుండా ప్రొపేన్ వాడతాం. బ్యూటేన్ సున్నా డిగ్రీల దగ్గర్నుంచే ఆవిరవడం మానేస్తుంది, ప్రొపేన్ మైనస్ 42 దాకా అవుతుంది. చలిరాత్రి హీటరు ఆగిపోతే ఈ తేడా విలువ తెలుస్తుంది. విషవాయువు కార్బన్ మోనాక్సైడ్‌ని పసిగట్టే అలారానికీ గడువు తేదీ ఉంటుంది, అదీ పుస్తకంలో రాసుకున్నాను.

అమ్మేస్తే పోలేదా అని మీరంటారు. నిరుడు 38 గంటల బిల్లు చూసిన రోజు నేనూ అన్నాను. కానీ ఆ బిల్లు మేం చూడక వచ్చింది, బండి వల్ల రాలేదు. ఇప్పుడు ఏటా సర్వీసులకి 5 గంటలు తీసిపెడుతున్నాం. దాంతోపాటు టైర్లు, బెల్టు, బ్యాటరీల కోసం నెలనెలా విడిగా కొంత వేస్తున్నాం, అవి రాక మానవు కాబట్టి. చలికాలంలోనూ నెలకొకసారి బయటికి తీసి అరగంట నడుపుతున్నాం. ఊరికే స్టార్టు చేసి ఆపేస్తే ఇంజను వేడెక్కదు, టైర్లు కదలవు, బ్యాటరీ నిండదు. ఎవరైనా చూస్తే పనీపాటా లేనివాళ్లనుకుంటారు.

చలికాలం వస్తోంది కాబట్టి రేపు బండిలో నీళ్లు తీసెయ్యాలి. హ్యాండిల్ మధ్యలో పెట్టాలని అట్ట మీదే రాసుకున్నాను.

మీ స్కూటరు పుస్తకం ఇంకా బీరువాలో ఉంటే ఏదైనా ఒక పేజీ ఫొటో తీసి పంపండి. పంక్చరు డబ్బులు, గాలి కొట్టించిన డబ్బులు కూడా రాసేవారంటే మీ అల్లుడు నమ్మట్లేదు.

అమ్మకి నా నమస్కారాలు.

మీ అమ్మాయి