నెయిల్ గన్ మేకు ఛాతీలో దిగితే

మన అమలాపురం వడ్రంగుల గ్రూపులో అందరికీ నమస్కారమండి. ప్లైవుడ్ పనికి నెయిల్ గన్‌లు కొంటున్నారు కదా, క్యాజువాలిటీలో పనిచేసేదాన్ని కాబట్టి ఈ సంగతి రాస్తున్నాను.

ఛాతీలో దిగిన మేకును మాత్రం పీకకండి. గుండెకు పడిన కన్నానికి ఆ మేకే బిరడాలా అడ్డుపడి ఉండొచ్చు. పైకి కనిపించే మేకు తల గుండె కొట్టుకున్నప్పుడల్లా కదులుతుంటే అది గుండెకి తగిలిందనే అనుకోండి. దాన్ని బిగించి పట్టుకోవద్దు. చుట్టూ మెత్తటి గుడ్డ పెట్టి 108కి ఫోన్ చేయండి. నీళ్లు, సోడా తాగించొద్దు, ఆపరేషన్ ఉంటుంది.

పైకి చుక్క రక్తం లేదని ధైర్యపడకండి. గుండె చుట్టూ ఉన్న సంచిలో రక్తం చేరి గుండెను నొక్కేస్తుంది. దీన్ని టాంపొనాడ్ అంటారు. బీపీ పడిపోతుంది, మెడ నరాలు ఉబ్బుతాయి, స్టెతస్కోపులో గుండె చప్పుడు సన్నగిల్లుతుంది. మూడూ ఒకేసారి కనబడాలనేమీ లేదు. మంచం దగ్గరే అల్ట్రాసౌండ్ పెడితే నిమిషాల్లో తెలుస్తుంది. మనిషి నిలకడగా ఉంటేనే సీటీ స్కాన్‌కి పంపుతారు. ఎక్కువగా దెబ్బతినేది ముందువైపు ఉండే కుడి జఠరిక, అంటే గుండెలో కుడివైపు కింది గది. థియేటర్లో ఛాతీ తెరిచాక మేకు తీసి కన్నం కుట్టేస్తారు.

ఎదుర్లంక వంతెన దాటి కాకినాడకా, రావులపాలెం మీదుగా రాజమండ్రికా అన్నది 108 వాళ్లకి వదిలేయండి. మనిషి సోలిపోతుంటే దగ్గర్లోని ఆసుపత్రికే ముందు.

కొనేటప్పుడు, మూతి చెక్కకి ఆనించాక ట్రిగ్గర్ నొక్కితేనే ఒక్కో మేకు వదిలే రకం అడగండి. ట్రిగ్గర్ నొక్కిపట్టి తగిలించిన చోటల్లా పేలే రకంతో పని త్వరగా తెముల్తుంది గానీ, నాకైతే భయమండి.