చర్మం ఎర్రబడకపోతే మంట లేనట్టేనా?

సంపాదకులకు నమస్కారం.

పురుగుమందులు కొట్టే పనిలో చాలా ఏళ్లు ఉన్నాను కాబట్టి రాస్తున్నాను. మొదటిసారి సైపర్‌మెత్రిన్ కొట్టిన రోజు సాయంత్రానికి బుగ్గల మీద, పెదాల చుట్టూ చీమలు పాకినట్టు మొదలై, చెమట పట్టిన చోటల్లా భగ్గుమని మండింది, ముఖం కడుక్కుంటే ఇంకా ఎక్కువైంది. అద్దంలో చూసుకుంటే ఎరుపు లేదు, పొక్కు లేదు. పని చేయించే ఆయన నా ముఖం కేసి ఒకసారి చూసి "ఏమీ లేదు కదా, రేపు పెందలాడే రా" అన్నాడు. డాక్టరు అలర్జీ మాత్రలు రాసిచ్చాడు.

అది అలర్జీ కాదు. ఈ రకం మందులు (పైరెత్రాయిడ్లు) చర్మంలోని నరాల చివర్లలో ఉండే సోడియం ద్వారాలను సరిగా మూసుకోనివ్వవు, అందుకని నరం ఊరికే సంకేతాలు పంపుతూ ఉంటుంది, పైకి మాత్రం ఏమీ కనబడదు. సాధారణంగా 24 గంటల్లో తగ్గిపోతుంది. విటమిన్ ఇ క్రీమ్ రాస్తే కాస్త నెమ్మదిస్తుంది. ఇంత చిన్న సంగతి ఎవరూ చెప్పక, ఏదో పెద్ద జబ్బు వచ్చిందని రాత్రంతా టెన్షన్ పడ్డాను.

నిజంగా భయపడాల్సింది మండని మందులకి. క్లోర్‌పైరిఫాస్, మోనోక్రోటోఫాస్ లాంటివి ఒంటికి తగిలినా చాలాసార్లు చురుక్కుమనవు. భుజం మీద తువ్వాలు మందుతో తడిసి ఉంటుంది, దాంతోనే నుదురు తుడుచుకుంటాం. ముంజేతి కన్నా నుదురు, చంకలు, గజ్జలు ఆ మందుని ఎన్నో రెట్లు ఎక్కువగా పీల్చుకుంటాయి! ముందు చెమటలు, నోట్లో నీళ్లూరడం, కంటిపాప చిన్నదైపోవడం, కండరాలు అదరడం. కొన్ని మందుల వల్ల ఒంట్లోకి బాగా ఎక్కినవాళ్లకి, అంతా తగ్గిందనుకున్నాక, 1 నుంచి 3 వారాల తర్వాత పాదాలు మొద్దుబారి కాళ్లలో బలం పోవచ్చు. అప్పటికి ఎప్పుడో కొట్టిన మందు ఎవరికి గుర్తుంటుంది?

ఇలాంటి మందు ఒంట్లోకి ఎక్కుతోందని ముందే పట్టుకోవడానికి కోలినెస్టరేస్ (నరాల పనికి కావాల్సిన ఒక ఎంజైము, ఈ మందులు దెబ్బతీసేది దాన్నే) రక్తపరీక్ష ఉంది. పని మొదలుపెట్టకముందు ఒకసారి చేయించి ఉంచితేనే తర్వాత ఎంత పడిపోయిందో తెలుస్తుంది. కాలిఫోర్నియాలో 1974 నుంచే ఇది నిబంధన, ఎర్రకణాల్లో ఆ ఎంజైము మొదటి లెక్కలో 70 శాతానికి పడిపోతే ఆ మనిషిని మందు దగ్గరకు రానివ్వరు. పని చేయించేవాళ్లు అంతటా ఈ పరీక్ష సొంత ఖర్చుతో చేయించాలని మీ పత్రిక గట్టిగా అడగాలి.

తోటి పనివాళ్లకి ఒక మాట. మందు డబ్బా లేబుల్‌ని ఫోన్‌లో ఫోటో తీసి ఉంచుకోండి, ఏ డాక్టరు దగ్గరికి వెళ్లినా మొదట అది చూపించండి.

— ఒక పాఠకుడు